పెదనాన్న రివాల్వర్ మొరాయించిన చలికాలం

మొన్న వేసవిలో వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. వ్రతం అయింది, భోజనాలు అయ్యాయి, వచ్చినవాళ్ళందరికీ ఇల్లు తిప్పి చూపించే తంతు మొదలైంది. ఆడవాళ్ళకి వంటగదీ, మగవాళ్ళకి హోమ్ థియేటరూ చూపించాక, ఇంటి యజమాని అయిన మా స్నేహితురాలి అల్లుడు నన్నెందుకో ప్రత్యేకంగా బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి గోడలో అమర్చిన ఒక చిన్న ఇనప్పెట్టె చూపించాడు. వేలు ఆనిస్తే చాలు, కుయ్యిమని తెరుచుకుంటుంది. లోపల స్పాంజి పరుపు మీద నల్లటి తుపాకీ పడుకుని ఉంది. "సేఫ్టీ కోసం ఆంటీ, రోజులు బాగా లేవు కదా," అన్నాడు. నేను పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "ఎప్పుడైనా మొరాయించిందా బాబూ?" అని అడిగాను. "మొరాయించడమంటే?" "ట్రిగ్గర్ నొక్కితే పేలకుండా టిక్కుమని ఊరుకోవడం." ఆ అబ్బాయి నన్ను తలనుంచి కాళ్ళదాకా చూశాడు. "మీకు గన్స్ తెలుసా ఆంటీ?" "ఒకే ఒక్కటి తెలుసు. అదీ చేత్తో ముట్టుకోకుండా తెలుసు," అన్నాను. ఇంతలో పైనుంచి తాంబూలాలకి పిలుపు రావడంతో ఆ కబురు అక్కడితో ఆగింది. కారులో తిరిగి వస్తున్నంతసేపూ మాత్రం నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. ఆ కుర్రాడి ఇంటికి కాస్త దూరంలోనే మా పెద్దమ్మా పెదనాన్నల ఇల్లు ఉండేది, ఆ రివాల్వరూ అక్కడే ఉండేది.

నేను అమెరికా వచ్చింది మెకానికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేయడానికి. సుభద్ర పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. యూనివర్సిటీకి రోజూ కారులో వెళ్ళొచ్చే దూరమే కనుక, అపార్ట్‌మెంటూ గిపార్ట్‌మెంటూ ఏమీ అక్కర్లేదని ఆవిడే నన్ను తీసుకొచ్చి పైగదిలో పెట్టుకుంది. వాళ్ళబ్బాయి కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉండేవాడు. కంపెనీ మారినప్పుడల్లా ఫోన్ చేసేవాడు, అంటే తరచుగానే చేసేవాడు. అప్పటికి ఆ చుట్టుపక్కల ఇన్ని డేటా సెంటర్లు లేవు. ఇంటి వెనక పెద్ద గడ్డి మైదానం, దాని చివర చెట్లు, సాయంత్రమైతే జింకలు వచ్చి పెద్దమ్మ వేసిన గోంగూర మొక్కల్ని మొదళ్ళదాకా నమిలి పోయేవి. మన గోంగూర రుచి తెలిసిన జింకలని పెదనాన్న వాటిని తిట్టేవాడు కాదు. ఆ ఇల్లంటే ఆయనకి ప్రాణం. ఇటుక ఇటుకా దగ్గరుండి కట్టించుకున్నాడు. నడవలో ఏ చెక్క ఎక్కడ కిర్రుమంటుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

పెదనాన్న రిటైరైన మత్తు డాక్టరు. గుడివాడ నుంచి చదువుకుని వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లో జీవితమంతా ఆపరేషన్లకి మత్తు ఇచ్చాడు. ఆ ఉద్యోగం ఆయనకి ఒక జబ్బు అంటగట్టింది: ఏ యంత్రాన్నీ పరీక్షించకుండా నమ్మడు. పొద్దున్నే లేచి కాఫీ తాగేలోపు పొయ్యి నాబ్‌లు, పొగ అలారం, గరాజ్ తలుపు, కారు టైర్లు, పెద్దమ్మ బీపీ, ఈ వరసలో అన్నీ చూసి వచ్చేవాడు. ఇంట్లో ఆ వేళకి ఇంగువ, కర్పూరం, డికాక్షన్ కలిసిన వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మూడూ కలిసి తగిలితే నాకు క్లాసుకి ఆలస్యమైపోతోందన్న కంగారు పుడుతుంది. పెద్దమ్మకి యంత్రాల మీద వేరే సిద్ధాంతం ఉండేది. ఏది కిర్రుమన్నా కొబ్బరినూనె. తలుపు బందులకి కొబ్బరినూనె, కుట్టుమిషన్‌కి కొబ్బరినూనె, కత్తెరకి, బీరువా తాళానికి, నా జుట్టుకి కూడా అదే. ఎడిసన్‌లో ఉన్న మా పిన్ని దగ్గరికి, న్యూజెర్సీకి, వెళ్ళినప్పుడల్లా అక్కడ మన కొట్లుండే ఓక్ ట్రీ రోడ్‌లో పెద్ద సీసాలు కొని తెచ్చుకునేది. చలికాలం ఆదివారాల్లో ఆ సీసా వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబడి, నా తలంటు కోసం కరుగుతూ ఉండేది.

ఆ ఏడు శ్రావణమాసంలో మేమందరం ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు ఇంట్లో దొంగలు పడ్డారు. అసలు నగలు బ్యాంక్ లాకర్‌లో ఉన్నాయి కనుక పోయింది తక్కువే: రెండు గొలుసులు, పెద్దమ్మ రోజూ పెట్టుకునే దుద్దులు. కానీ వచ్చినవాళ్ళెవరో మన ఇళ్ళ సంగతి బాగా తెలిసినవాళ్ళు. పరుపులు, సొరుగులు కదపకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, బంగారం దాచి ఉంటామని బియ్యం డబ్బా నేలమీద బోర్లించారు. కందిపప్పు, మినపప్పు, శనగపప్పు డబ్బాలు కూడా ఆ కుప్ప మీదే దిమ్మరించారు. మేం వచ్చేసరికి వంటింటి నిండా అన్నీ కలిసిపోయిన గుట్ట, దాని మీద బూటు ముద్ర. గొలుసులు పోయినందుకు పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. ఆ బూటు ముద్ర చూసి మాత్రం అక్కడే కూలబడింది. "నా వంటింట్లోకి వచ్చారే లల్లీ, నా పప్పులు తొక్కారే," అని నాతో అంటూ ఉండిపోయింది.

ఆ తరవాత ఆవిడ ఒంటరిగా ఇంట్లో ఉండటం మానేసింది. పెదనాన్న పోస్టాఫీసుకి వెళ్తే కారులో పక్క సీటు, క్షవరానికి వెళ్తే కారులో పక్క సీటు. ఆయన లోపల జుట్టు కత్తిరించుకుంటుంటే ఆవిడ బయట తలుపులు లాక్ చేసుకుని, పాత వారపత్రిక చదువుతూ కూర్చునేది. ఆయనకి ఎక్కడికీ వెళ్ళే పని లేకపోతే ఆవిడకి ఊపిరి ఆడేది. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు, అలారం కంపెనీవాడు వచ్చి గోడకి పెట్టె తగిలించి వెళ్ళాడు, ఆవిడ దడ మాత్రం తగ్గలేదు. ఒకరోజు భోజనాల దగ్గర కచ్చితంగా చెప్పేసింది. "ఎడిసన్ వెళ్ళిపోదామండీ. చెల్లెలు వాళ్ళ బిల్డింగ్‌లోనే అపార్ట్‌మెంట్లు ఖాళీ ఉన్నాయిట. పైనా కిందా మనవాళ్ళే. మార్చిలో ఇళ్ళ సీజన్ మొదలవుతుంది. అప్పటికి నా భయం పోతే సరే, లేకపోతే ఈ ఇల్లు అమ్మకానికి బోర్డు పాతేద్దాం." పెదనాన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. ఎడిసన్‌లో ఆయనకి తెలిసినదల్లా కారు పార్క్ చేయడానికి చోటు దొరక్కపోవడం. పైన ఎవరో దంచుతుంటే కింద కూర్చుని వినాలన్న ఆలోచనకే ఆయన మొహం వాడిపోయింది. "మార్చి దాకా టైమిచ్చావు కదా, చూద్దాం," అని లేచాడు.

ఆయన చూసిన దారి పక్క ఊళ్ళో పాత తుపాకులు అమ్మే కొట్టుకి పోయింది. వాల్ట్ అనే పెద్దాయన ఆ కొట్టు నడిపేవాడు. తెల్ల గడ్డం, ఊలు చొక్కా, పక్కన ఎప్పుడూ మండుతూ ఉండే కట్టెల పొయ్యి. అద్దాల బల్ల కింద రకరకాల తుపాకులు ఉన్నా, పెదనాన్న చూపు ఒక పాత రివాల్వర్ మీద ఆగిపోయింది. నీలం రంగు అక్కడక్కడా వెలిసిపోయి, చెక్క పిడి చేతుల రాపిడికి నున్నగా అయిపోయి ఉంది. "డాక్, మీలాంటివాళ్ళకి ఇదే మంచిది. ఆరు తూటాలు పెట్టు, నొక్కు, పేలుతుంది. మధ్యలో ఇరుక్కునే బాపతు కాదు," అన్నాడు వాల్ట్. పెదనాన్న దాన్ని తెరిచి, మూసి, ఖాళీగా నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని శబ్దం విని, గొట్టంలోకి లైటు వేసి చూసి, అచ్చం పేషెంటుని పరీక్షించినట్టే పరీక్షించాడు. కొనేవాడి మీద కేసులేమైనా ఉన్నాయా అన్న సర్కారు చెకింగ్ ఫోన్‌లో అయిపోయింది. నేను ముచ్చటపడి చెయ్యి చాచబోతే పెదనాన్న చటుక్కున పక్కకి తీసుకున్నాడు. "నీది స్టూడెంట్ వీసా. దీన్ని ముట్టుకుంటే నేరం. చేతులు వెనక్కి పెట్టుకో!" అన్నాడు. ఆ తరవాత ఆ రివాల్వర్ ఉన్న గదిలో నేను ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకునే నిలబడ్డాను, ప్రిన్సిపాల్ గదిలో నిలబడ్డట్టు.

ఇంటికి తెచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలన్న గొడవ వచ్చింది. మంచం పక్కన ఉండాలన్నాడు పెదనాన్న. ఆయుధమన్నది దేవుడి దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండటానికి వీల్లేదంది పెద్దమ్మ. చివరికి తాళం ఉన్న చిన్న పెట్టెలో పెట్టి, పడగ్గది పక్కనే ఉన్న పూజ అలమారలో కింది అరలో ఉంచారు. తూటాలు వేరే, పాత బిస్కెట్ల డబ్బాలో. తాళంచెవి పెద్దమ్మ గుత్తిలో. దసరా వచ్చేసరికి ఆవిడ దాన్ని బయటికి తీసి ఆయుధపూజకి కూర్చోబెట్టింది. పీట మీద కారు తాళాలు, పెదనాన్న పాత స్టెతస్కోపు, గడ్డి కోసే మిషన్ తాలూకు బ్లేడు, నా కాలిక్యులేటర్, వాటి మధ్యలో ఇంటి పెద్దకొడుకులా రివాల్వర్. అన్నిటికీ గంధం, కుంకుమ. నేను చేతులు వెనక్కి కట్టుకునే హారతి మీదకి మొహం వంచబోయి, పెద్దమ్మ చేత మొట్టికాయ తిన్నాను. పెదనాన్న నవ్వి, "లైసెన్సు లేకుండా హారతి తీసుకోవచ్చులేవే," అన్నాడు.

చలి మొదలయ్యాక ఆయన ప్రాక్టీసు కోసం కొండల వైపు ఉన్న బహిరంగ షూటింగ్ రేంజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాడు. శనివారాలు నేనూ వెళ్ళేదాన్ని. పెద్దమ్మ సరేసరి. మేమిద్దరం చెవులకి మఫ్‌లు తగిలించుకుని వరసలో నిలబడితే, ఆవిడ కారులో హీటర్ వేసుకుని, శాలువా కప్పుకుని కూర్చునేది. కారు ఎదురుగానే ఎర్రటి పెద్ద అక్షరాలతో రేంజ్ రూల్స్ బోర్డు ఉండేది. వారపత్రిక అయిపోతే ఆవిడ ఆ బోర్డు చదివేది. కొన్నాళ్ళకి ఆ రూల్స్ అన్నీ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. తుపాకీ ఎప్పుడూ నిండే ఉందనుకో, కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు, ఇలా ఒక్కొక్కటీ ఇంటికి వెళ్ళేదాకా తెలుగులో మాకు అప్పగించేది.

మొదటి శనివారమే ఆ రివాల్వర్ తన గుణం చూపించింది. పెదనాన్న కాళ్ళు ఎడంగా పెట్టి, గురి చూసి నొక్కాడు. టిక్. అంతే. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుందని కాసేపు అలాగే పట్టుకుని నిలబడాలి. నిలబడ్డాడు. మళ్ళీ నొక్కాడు. టిక్. మూడోది ఢామ్మంది, ఎదురుచూడకుండా పేలేసరికి ఆయనే ఉలిక్కిపడ్డాడు. తరవాత మళ్ళీ టిక్, టిక్. పేలని తూటాలు బయటికి తీసి చూస్తే వెనక మధ్యలో ఆవగింజంత నొక్కు పడింది. పేలినదాని వెనక మాత్రం మంచి గుంట ఉంది. "దెబ్బ పడుతోంది, బలం చాలట్లేదు. పల్స్ వీక్‌గా ఉంది," అన్నాడు పెదనాన్న. కారులోంచి పెద్దమ్మ, "ఏవండీ, ఇంతేనా ఇవాళ్టి చప్పుళ్ళు?" అని అడిగితే, "పొదుపుగా కాలుస్తున్నాను సుభద్రా," అని నాకు కన్నుకొట్టాడు. అది పేలదని తెలిస్తే ఆవిడ ఆ సాయంత్రమే ఇల్లు అమ్మే ఏజెంటుకి ఫోన్ చేస్తుందని ఆయన బెంగ.

ఇక మా ఇద్దరి వైద్యం మొదలైంది. మొదట తూటాలు పాతవేమోనని కొత్తవి కొన్నాం. టిక్కులు తగ్గలేదు. శుభ్రం చేయించడానికని పెద్దమ్మకి చెప్పి, వాల్ట్ దగ్గరికి పట్టుకెళ్తే ఆయన కట్టెల పొయ్యి పక్కన కూర్చుని, కాఫీ తాగుతూ మా మాటలన్నీ విని, నాలుగైదుసార్లు నొక్కి చూసి, "చక్కగా కొడుతోంది కదా డాక్, మీరు సరిగ్గా నొక్కట్లేదేమో," అన్నాడు. నలభై ఏళ్ళు సిరంజి నొక్కిన మనిషితో అనే మాటా అది! పెదనాన్న మొహం ఎర్రబడింది. దాంతో వాల్ట్ తగ్గి, పిడి లోపలి స్ప్రింగ్ అలిసిపోయి ఉంటుందని కొత్తది వేశాడు. కొట్టు వెనక షెడ్డులోకి తీసుకెళ్ళి కాల్చి చూపిస్తే ఆరుకి ఆరూ పేలాయి. సంబరంగా డిక్కీలో పెట్టుకుని కొండలు ఎక్కి రేంజ్‌కి వెళ్ళాం. టిక్. టిక్. టిక్. కొట్లో పేలేది కొండమీద ఎందుకు పేలదో అర్థంకాక పెదనాన్నకి అన్నం సయించలేదు. "ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసి రికవరీ రూమ్‌లో ఆగిపోయే మెషిన్‌ని నేను జీవితంలో చూడలేదే," అనేవాడు.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, పెద్దమ్మ నిద్రపోతుండగా, డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచి ఆపరేషన్‌కి దిగాం. రేంజ్ నుంచి వచ్చాక డిక్కీలోంచి తీయడం మరిచిపోయామేమో, అది మంచుగడ్డలా చల్లగా ఉంది. ఖాళీగా ఉందని ముచ్చటగా మూడుసార్లు చూసుకున్నాడు. ఇంటర్నెట్‌లోంచి ప్రింట్ తీసిన బొమ్మ చూస్తూ నేను నోటితో చెప్పడం, ఆయన చేత్తో విప్పడం. నా మెకానికల్ డిగ్రీ మొత్తం వీపు వెనక కట్టుకుని నిలబడటం నాకు నరకంలా ఉండేది. "ఆ మూలది, అది కాదు పెదనాన్నా, ఆ పక్కది" అంటూ గొంతు పోయింది. పక్క రేకు ఊడి వచ్చింది. లోపల సుత్తి కొట్టే చోట, దాని ఇరుసు చుట్టూ, తెల్లగా మైనంలాంటిది పేరుకుని ఉంది. "గ్రీజు," అన్నాడు ఆయన. నేను వంగి వాసన చూశాను. ఆ వాసన నాకు ఆదివారం పొద్దున్నే నా నెత్తిమీదనుంచి వచ్చింది. "పెదనాన్నా, ఇది కొబ్బరినూనె!" ఆయన పెద్దమ్మ జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెచ్చి దానిమీద వేడిగాలి పెట్టాడు. తెల్లటిది కరిగి, నీళ్ళలా జారి, పేపరు మీద కాస్త కుంకుమతో సహా పడింది. ఆయుధపూజ రోజు పెద్దమ్మ దానికి ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ, కుట్టుమిషన్‌కి పోసినట్టు పోసేసింది. వాల్ట్ పొయ్యి పక్కన అది కరిగి ఉండేది, కొండమీద చలికి గడ్డకట్టి సుత్తిని పట్టుకునేది. మేమిద్దరం నవ్వు ఆపుకోలేక నోళ్ళు నొక్కుకున్నాం. ఆ చప్పుడుకి లేచి వచ్చిన పెద్దమ్మ సంగతి విని, "అంత ఖరీదుపెట్టి కొన్నారు, ఒక చుక్క నూనెకి ఓర్చుకోదా?" అంది. పెదనాన్న ఆవిడకి చాలాసేపు వివరించాడు. కొబ్బరినూనె చలికి పేరుకుంటుందనీ, పేరుకుంటే సుత్తి కదలదనీ, సుత్తి కదలకపోతే తుపాకీ పేలదనీ, దీనికి వేరే నూనె ఉంటుందనీ. ఆవిడ శ్రద్ధగా విని తల ఊపింది. ఘాటు వాసన వేసే స్పిరిట్‌తో అంతా కడిగి, అసలు నూనె వేశాక ఆ శనివారం రేంజ్‌లో ఆరుకి ఆరూ పేలాయి. పెదనాన్న వాల్ట్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆ రోజునుంచి దాంట్లో తూటాలు నింపే ఉంచేవాడు, పెట్టెకి తాళం వేసేవాడు కాదు.

కొన్నాళ్ళకి ఒక పెద్ద మంచు కురిసింది. క్లాసులు రద్దయ్యాయని మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేశాను. ముందు గుమ్మం మెట్ల మీద మోకాళ్ళెత్తు మంచు ఉంటే, గరాజ్‌లోంచి వచ్చి, బూట్లకి అంటిన మంచు దులపడానికి కాళ్ళు గట్టిగా నేలకేసి కొట్టాను. లోపలి తలుపు తీసేసరికి మెట్ల మీద పెదనాన్న, లుంగీ మీద స్వెట్టరు, చేతిలో రివాల్వర్. "ఎవర్రా అది?" అని అరిచాడు. "నేనే పెదనాన్నా, లల్లీని!" అన్నాను. ఆయన చెయ్యి దించి, పక్కనే ఉన్న మెట్టు మీద కూర్చుండిపోయాడు. వర్జీనియా దొంగని తెలుగులో ఎవర్రా అంటే వాడేం జవాబు చెప్తాడని నేను పగలబడి నవ్వాను. ఆయనా నవ్వాడు, తనే కాఫీ కలిపి ఇచ్చాడు. యూనివర్సిటీలో మా ఫ్రెండ్స్‌కి ఈ కథ అభినయించి మరీ చెప్పేదాన్ని. పెద్దమ్మ మాత్రం ఆ రోజు నవ్వలేదు. కూర మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తరవాతి శనివారం రేంజ్‌లో పెదనాన్న నొక్కాడు. టిక్. మళ్ళీ నొక్కాడు. టిక్. ఆరూ టిక్కులే. ఈసారి ఒక్కటీ పేలలేదు. ఇంటికి వచ్చి, పేపర్లు పరిచి, రేకు విప్పాం. లోపల తెల్లగా, నిండుగా, కొత్త కొబ్బరినూనె. దసరా వెళ్ళిపోయి ఎన్నాళ్ళో అయింది. పెద్దమ్మ కాఫీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సుభద్రా, మళ్ళీ దీన్లో కొబ్బరినూనె పోశావా?"

"పోశాను."

"ఎందుకు? పేరుకుంటుందని ఆ రోజు అంతసేపు చెప్పాను కదా!"

"చెప్పారు కాబట్టే పోశాను."

ఆయనకి కోపం తన్నుకొచ్చింది. అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "అర్థమైంది. ఇది పనిచేయకూడదు, నీ భయం పోకూడదు, మార్చిలో బోర్డు పాతాలి, ఎడిసన్ వెళ్ళాలి. అంతేనా?"

"ఎడిసన్ మొహం! దానికోసమైతే దీన్ని చెత్తలో పారేసి ఉండేదాన్ని కాదూ?" పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "లల్లి గరాజ్‌లోంచి వచ్చిన రోజు నేను మీ వెనకే మెట్ల మీద ఉన్నానండీ. మీరు దాన్ని లల్లికేసే ఎత్తి పట్టుకున్నారు. మీ వేలు లోపల, ట్రిగ్గర్ మీద ఉంది."

"లేదు. నేనెప్పుడూ వేలు బయటే..."

"లోపల ఉంది. శనివారం శనివారం ఆ బోర్డు చదివిన దాన్ని, నాకు తెలియదా వేలు ఎక్కడ ఉండాలో? కొంచెం నొక్కి ఉంటే ఏమయ్యేది? నా చెల్లెలు తన కూతుర్ని నా చేతుల్లో పెట్టి పంపింది. గొలుసులు పోతే పోయాయి. ఈ పిల్ల పోతే నేను దానికి ఫోన్ చేసి ఏమని చెప్పాలి?"

అంతవరకూ వీపు వెనక కట్టుకున్న నా చేతులు ఎప్పుడు విడిపోయాయో తెలియలేదు, కుర్చీ వెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ళూ అందరినీ నవ్వించిన కథలో ఆ గొట్టం నావైపే చూస్తూ ఉందని నాకు అప్పుడు తట్టింది. భయం వేసింది, దానికి మించి పెద్దమ్మ మీద చెప్పలేనంత ప్రేమ పొంగింది. పెదనాన్న తన కుడిచేతి చూపుడువేలు కేసి చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. కాఫీ మీద మీగడ కట్టింది. "రేపు ఇచ్చేసి వద్దాం," అన్నాడు చివరికి. విప్పిన రేకు బిగిస్తూ, "మరి నీ భయమో?" అని అడిగాడు.

"భయం నాది, నేను పడతాను. దానికి కాపలాగా ఇంకో భయాన్ని తెచ్చి ఇంట్లో పెట్టక్కర్లేదు," అంది పెద్దమ్మ.

ఇప్పుడు మా ఇంటి గుమ్మానికి కెమెరా ఉంది. ఉడత వచ్చినా నా ఫోన్ మోగుతుంది. ఆఫీసులో మీటింగ్‌లో కూర్చుని ఆ ఉడతని చూసుకుంటాను. మా వారి ఫోన్‌లో ఇంకో కెమెరా, మా అమ్మాయి ఫోన్‌లో ఇంకో అలారం. ఎవరి భయం వాళ్ళ జేబులో ఉంది, ఒకరిది ఒకరికి తెలియదు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో భయం వస్తే చుట్టంలా వచ్చేది, డైనింగ్ టేబుల్ దగ్గర అందరి మధ్యా కూర్చునేది, దానికోసం పోట్లాడుకునేవాళ్ళం. మేం మరీ తెలివైనవాళ్ళమని అనను. కానీ ఎవరు దేనికి భయపడుతున్నారో మాకు తెలిసేది. గృహప్రవేశంలో ఆ అబ్బాయి ఇనప్పెట్టె చూపిస్తుంటే, అతని భార్యకి అదంటే ఎలా ఉందో అడగాలనిపించింది. తాంబూలం తొందరలో అడగలేకపోయాను.

పెద్దమ్మ ఆ మాట అన్న మర్నాడు పొద్దున్న పెదనాన్న రివాల్వర్‌ని పెట్టెలో పెట్టి డిక్కీలో ఉంచి, కారు స్టార్ట్ చేసి, అలవాటుగా పక్క సీటు హీటర్ వేశాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. పెద్దమ్మ రాలేదు. హారన్ కొడితే గుమ్మంలోకి వచ్చి, "మీరు వెళ్ళిరండి, నాకు పని ఉంది," అంది. పెదనాన్న గేరు వేయకుండా ఆవిడ కేసి చూశాడు. "ఒక్కదానివే ఉంటావా?" "ఉంటాను. వెళ్ళిరండి." దారిపొడుగునా ఆయన పక్కన ఖాళీ సీటు వెచ్చబడుతూనే ఉంది.

వాల్ట్ కారణం అడిగితే, "మా ఇంటి వాతావరణం దీనికి పడలేదు," అన్నాడు పెదనాన్న. వాల్ట్ కాగితాలు చూస్తుండగా పెదనాన్న పక్కకి వచ్చి, తన ఫ్లిప్ ఫోన్ తీసి ఇంటికి చేశాడు. మోగుతోంది, మోగుతోంది, తీయలేదు. "పద, పద లల్లీ," అంటూ తాళాలు తీశాడు. ఇంతలో పెద్దమ్మ ఎత్తింది. గొంతు నాకు కూడా వినపడింది.

"ఏంటండీ, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటున్నా, లేచి రావద్దూ?"

"ఏం లేదు. ఊరికే చేశా. తలుపు గడియ వేసుకున్నావా?"

"లేదండీ, గుమ్మంలోకి ఎండ బాగా వస్తోందని తలుపు తీసుకుని కూర్చున్నా."

పెదనాన్న ఫోన్ మూసి జేబులో పెట్టుకోలేదు. దాన్ని అలాగే చెవి దగ్గర పట్టుకుని, కళ్ళనీళ్ళు కారిపోతుంటే, వాల్ట్ కొట్టు మధ్యలో నిలబడి ఉండిపోయాడు.